నాన్న అరగదీసిన వేగం

మొన్న ముసురు పట్టిన మధ్యాహ్నం, పూరీ గేట్ దగ్గరి మా ఇంటి వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. మా మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, తమ కాలేజీ బృందం నేర్చుకుంటున్న పాట ఒకటి వినమంది. పాశ్చాత్యుల పాత చర్చి సంగీతం అది. ఆడవాళ్ళు పై స్థాయిలో కొందరు, కింది స్థాయిలో కొందరు, మగవాళ్ళు మళ్ళీ అలాగే రెండు జట్లుగా, నాలుగు దారులు ఒక కూడలిలో కలిసి మళ్ళీ విడిపోయినట్టు పాడుకుంటూ పోతారు. రెండు వరసలు వినేసరికి నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఎరిగిన మనిషే, ఎరగని నడక. ఊతకర్ర పట్టుకుని అడుగులో అడుగు వేస్తుండగానే మనం ఎప్పుడూ చూసిన పెద్దావిడ, ఉన్నట్టుండి మెట్ల మీద నుంచి గెంతుకుంటూ దిగివస్తే గుండె ఎలా జారుతుందో నాకు అలా జారింది. ఆ ఎత్తుపల్లాలు, మధ్యలో అందరూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మళ్ళీ అందుకునే ఆ చోటు, అన్నీ నాకు తెలుసు. ఆ వేగం తెలియదు, ఆ శ్రుతి తెలియదు, ఆ సంతోషం బొత్తిగా తెలియదు.

పాట కింద ఫోనులో మూడు గళ్ళున్నాయి. వేగం ఎంత, శ్రుతి ఏది, భావం ఏమిటి అన్నది ఏ పాటకైనా ఆ యంత్రమే లెక్కకట్టి చెబుతుందట. ఈ పాటకు వేగం చురుకు, శ్రుతి జి మేజరు, భావం ఆనందం అని తేల్చి పెట్టింది.

"ఆనందమేటే, నీ మొకం! ఇది సావు పాట," అన్నాను.

"అరే అమ్మమ్మా, నువ్వు భీ! మా మేడమ్ నవ్వు మొకంతో పాడమన్నారు దీన్ని. పండగ పాట. చూడు, కింద రాసి ఉంది కదా."

కింద రాసి ఉన్నదల్లా నిజమని ఒప్పుకునేదాన్నయితే జీవితమంతా ఇంత సిరా ఎందుకు ఖర్చుపెట్టాను! కానీ ఆ పూట నా కోపం ఫోను మీద కాదు. ఆ పాటతో మా అమ్మను ఇంటి నుంచి సాగనంపాం. అది పండగ పాటే అయితే, ఆ రోజు మా పాత క్వార్టరు వరండాలో జరిగింది ఏమిటి? ఈ ప్రశ్న నన్ను ఆ రాత్రి తిన్నగా నిద్రపోనివ్వలేదు, మర్నాడు తిన్నగా కూర్చోనివ్వలేదు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో టర్నరు. లేతు మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలీల రైల్వే ఊళ్ళో సైరన్ కూతకు లేచి సైరన్ కూతకు పడుకున్న వేలమంది తెలుగువాళ్ళలో ఆయన ఒకడు. పని నుంచి వచ్చి, మోచేతుల దాకా నూనె మరకలు కిరసనాయిలుతో తుడుచుకుని, ఉతికిన చొక్కా వేసుకుని చదువుగదికి వెళ్ళేవాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ళు నడుపుకున్న చిన్న చదువుగది అది. నాలుగు బెంచీలు, రెండు కుర్చీలు, చిరిగిన అట్టల పుస్తకాలు. ఆదివారాలు అక్కడ చర్చలు జరిగేవి. విగ్రహం అవసరమా, విధవకు పెళ్ళి చేస్తే ఆకాశం విరిగి పడుతుందా, కులం రక్తంలో ఉందా నోట్లో ఉందా, ఇలాంటివి. మా తరంవాళ్ళకు ఆ వేడి చెప్పనక్కర్లేదు; చర్చలో ఓడిపోయి ఇంటికి వచ్చి అన్నం మీద అలిగిన పెద్దమనుషులను మీరూ చూసే ఉంటారు.

ఆ చర్చల్లో నాన్న పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుండేది. ఎదుటికి వచ్చి ప్రశ్నకు జవాబు చెప్పలేని సాక్షిని ఎవరూ పిలవకూడదు. మా తాత ఇలా అన్నాడు, ఫలానా ఋషి అలా సెలవిచ్చాడు అంటే చెల్లదు. ఒకసారి పార్సిల్ ఆఫీసులో పనిచేసే పెద్దాయన లేచి, చనిపోయిన తన తల్లి కలలో కనిపించి శ్రాద్ధం మానొద్దని చెప్పిందన్నాడు. నాన్న ఎంతో మర్యాదగా, "రమ్మనండి బాబూ ఆవిడ్ని. కుర్సీ ఏస్తాం," అన్నాడట. గది నవ్వులతో నిండిపోయిందని, ఆ పెద్దాయన మాత్రం నెల్లాళ్ళు మా ఇంటి వైపు చూడలేదని చెప్పుకునేవారు.

రికార్డు ప్లేయరు మా ఇంటికి వచ్చింది ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ వల్ల. రైల్వే పిల్లలకు పియానో నేర్పేది. ఆవిడ ఇంటి తలుపు గడియలూ పొయ్యీ పాడైనప్పుడల్లా నాన్న బాగుచేసిపెట్టేవాడు. చుట్టాల దగ్గరకు వెళ్ళిపోతూ, మోటారు పాడైపోయిన ఆ పెట్టెనూ ఒకే ఒక్క రికార్డునూ నాన్న చేతిలో పెట్టింది. రికార్డు మధ్య కాగితం అరిగిపోయి, పాట పేరు, పాడినవాళ్ళ పేర్లు ఏవీ మిగల్లేదు. మోటారు ఇరుసుకు ఉండవలసిన చిన్న ఇత్తడి బుష్ లేదు. ఆ బుష్ లావును బట్టే పళ్ళెం తిరిగే వేగం ఉంటుంది. లావైతే పాట పరిగెడుతుంది, సన్నమైతే నెమ్మదిస్తుంది. పనికిరాదని పారేసిన ఇత్తడి ముక్క ఒకటి తెచ్చి నాన్న బుష్ చెక్కాడు.

మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తు. పెట్టె తిరిగింది, పాట మొదలైంది. సాయంత్రం ప్లాట్‌ఫారం రేకుల కింద పక్షులన్నీ ఒకేసారి అరిచినట్టు సన్నటి గొంతులు ఒకదాని మీద ఒకటి ఎగిరిపడుతున్నాయి. మేం పిల్లలం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు, నేను ట్యూషన్ నుంచి తిరిగివచ్చినప్పుడల్లా పాట కాస్త కాస్త నెమ్మదిస్తూ, కాస్త కాస్త కిందికి దిగుతూ వచ్చింది. నాన్న తన తప్పు దిద్దుకుంటున్నాడు కాబోలు అనుకున్నాం. చివరకు అది ఒక చోట నిలిచింది. నిలిచిన తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. బరువైన గూడ్సు బండి స్టేషనులోకి వచ్చి, ఆగీ ఆగకుండా, ఒక్కొక్క పెట్టే మన ముందు నుంచి కదిలిపోతున్నట్టుండేది. ఇది ఏదో పెద్ద దుఃఖానికి కట్టిన పాట అని మా వీధి వీధంతా తీర్మానించుకుంది. మా మేనమామ ఒక్కడే దానికి ఎద్దుబండి పాట అని పేరు పెట్టి నాన్నను ఏడిపించేవాడు.

ఇక అమ్మ. నాన్న మాట అమ్మకు శిరోధార్యం అనుకుంటే పొరపాటు. నాన్న చదువుగదికి వెళ్ళిన సమయం చూసుకుని వంటింటి అలమరలో చిన్న దీపం పెట్టుకునేది. నాన్నకు తెలుసు; ఎప్పుడూ వద్దనలేదు. అమ్మ మాట తక్కువ. పేరంటాల్లో హారతి పాట అందుకోమంటే నోరు విప్పేది కాదు. పెళ్ళికి ముందు ఏదో పెళ్ళిపందిట్లో పాడబోతే, ఈ మగ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందని ఆడవాళ్ళంతా నవ్వారట. సాయంత్రాలు నాన్న ఆ రికార్డు పెట్టినప్పుడు అమ్మ బియ్యం చేట తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చునేది. పెదవులు కదులుతుండేవి. నాన్న పాట నాన్నదే, నా స్తోత్రం నాదే అన్నట్టు, ఆ హోరు మాటున తన దేవుణ్ణి తలుచుకుంటోందని నేను అనుకునేదాన్ని. ఆ వయసులోనే నాన్న పక్షం పుచ్చుకున్న నాకు అది అమ్మ చేస్తున్న చిన్న తిరుగుబాటులా కనిపించేది.

అమ్మ వానాకాలంలో జబ్బుపడి, చలి మొదలయ్యే వేళకు పోయింది. వరండాలో పడుకోబెట్టారు. నాన్న పంతుల్ని పిలవలేదు. వీధి పెద్దలు వచ్చి చెప్పి చూశారు, గద్దించి చూశారు, పాడె మోయడానికి మనవాళ్ళెవరూ రారని బెదిరించి కూడా చూశారు. నాన్న లోపలికి వెళ్ళి రికార్డు ప్లేయరు తెచ్చి, తీగ లాగి, అమ్మ తలవైపు పీట మీద పెట్టాడు. ముల్లు ఆనించబోతుండగా మామయ్య వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. అక్కను అప్ప అని పిలిచేవాడు.

"బావా! తెలీని బాసలో పంతులు సదివితే మోసమన్నావు. తెలీని బాసలో పాదిరీల పాట ఎడతన్నావు. దానికీ దీనికీ తేడా ఏటి?" అని అందరికీ వినబడేలా అడిగాడు. "సరే, అదొగ్గీ. మా అప్పని అడిగినావేటి? రోజూ దీపమెట్టుకున్న మనిసి అది. నీ పంతం నీది. అప్పకేటి కావాలో అడిగినావేటి?"

ఎంతటి వక్తనైనా రెండు ప్రశ్నల్లో కూర్చోబెట్టగల మా నాన్న ఆ రోజు నోరు తెరవలేదు. మామయ్య పట్టు నుంచి చెయ్యి మెల్లగా విడిపించుకుని నాన్న ముల్లు ఆనించాడు. పాట సాగింది. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాడె మోయడానికి నాన్నతో వర్క్‌షాపులో పనిచేసే బెంగాలీలు, బీహారీలు వచ్చారు. చివరి నిమిషంలో మామయ్య కూడా వచ్చి ఒక కొమ్ము భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. బజారులో నాన్న ఎదురైతే సైకిలు పక్క సందులోకి తిప్పేసేవాడు. ఇద్దరూ అలాగే పోయారు.

మామయ్య మొదటి ప్రశ్నకు నేను పెద్దదాన్నయ్యాక జవాబు చెప్పాను, ఒకసారి కాదు, ఎన్నో వ్యాసాల్లో. మంత్రం ఒక వాగ్దానం చేస్తుంది. ఇది చదివితే ఆమె ఫలానా లోకానికి పోతుందని. పాట ఏ వాగ్దానమూ చెయ్యదు. అర్థం తెలియకపోవడం మోసం కాదు, తెలియనిదాన్ని ఫలం పేరిట అమ్మడం మోసం. ఈ జవాబుకు నేను ఇప్పటికీ నిలబడతాను. కానీ రెండో ప్రశ్న ఉంది చూశారూ, అది ముల్లులా లోపలే ఉండిపోయింది. మనిషిని అడగకుండా ఆ మనిషికి ఏ తంతూ చెయ్యరాదని బళ్ళోనూ సభల్లోనూ గొంతు చించుకున్నదాన్ని నేనే. పెళ్ళికూతుర్ని అడిగారా, పుట్టువెంట్రుకలు తీసే పసివాణ్ణి అడిగారా అని ఎద్దేవా చేసినదాన్నీ నేనే. మరి అమ్మను ఎవరు అడిగారు? దీపం పెట్టుకునే అమ్మను, గుమ్మంలో కూర్చుని స్తోత్రం చెప్పుకునే అమ్మను, తన సిద్ధాంతం కోసం నాన్న తనకు నచ్చినట్టు సాగనంపేశాడా? నాన్న బతికుండగా అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన తర్వాత, క్వార్టరు ఖాళీచేసి ఇక్కడికి మారేటప్పుడు రికార్డు కూడా విరిగిపోయింది.

అందుకే మొన్న ఆ మూడు గళ్ళు చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. మర్నాడు పొద్దున్నే మనవరాలిని పట్టుకుని ఆ పాట వేగం తగ్గించమన్నాను. తగ్గించింది. పాట నెమ్మదించింది గానీ గొంతులు మాత్రం ఆ ఎత్తునే వేళ్ళాడాయి. అలా కాదు, వేగం, శ్రుతి రెండూ కలిసి దిగాలి అన్నాను. రెండూ కలిపి దింపుతూ పోయింది. ఒక చోట నేను చెయ్యెత్తాను. అదే. గూడ్సు బండి వచ్చేసింది. అమ్మ తలవైపు పీట, దాని కోడు కింద ఎత్తు కోసం పెట్టిన పాత పలక ముక్కతో సహా కళ్ళకు కట్టింది.

"బాప్ రే, ఎంత దిగిపోయింది అమ్మమ్మా! ఇంత తేడా పొరపాటున రాదు," అంది పిల్ల.

ఆ మాట నన్ను కుదిపింది. నిజమే. వెంట్రుకవాసి తేడాకు చీవాట్లు తినే వర్క్‌షాపులో బతికిన మనిషి ఇంత దూరం ఎలా తప్పాడు? మొదటి సాయంత్రం మేం నవ్విన ఆ పక్షుల గోలే, ఇప్పుడు ఫోనులో వినిపించిన అసలు వేగం! అంటే నాన్న తప్పు నుంచి ఒప్పుకు రాలేదు. ఒప్పు నుంచి బయలుదేరి, సాయంత్రం తర్వాత సాయంత్రం, కావాలని తప్పులోకి నడిచాడు. ఫోనులో శ్రుతి గడి మారింది, వేగం గడి మారింది. భావం గడి ఒక్కటే మారకుండా ఆనందం అనే చూపిస్తోంది. ఆ మొండితనానికి ఒళ్ళు మండింది నాకు.

ఆ కాలపు మనిషి ఒక్కరే మిగిలారు. అమ్మ చిట్టచివరి చెల్లెలు, మా పిన్ని. పెళ్ళి కాకముందు మా క్వార్టరులోనే ఉండేది. ఇప్పుడు న్యూ సెటిల్‌మెంట్‌లో కొడుకు దగ్గర ఉంది. టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి, బురద చిమ్ముకుంటూ ఇద్దరం వెళ్ళాం. పిన్ని మంచం మీద కూర్చుని మరమరాలు తింటోంది. ముందు అసలు వేగంలో వినిపించాం.

"ఒలమ్మా, ఇదేటే! అప్ప పాట తోక మీద ఎవులో కాలేసినట్టున్నాది!" అని పకపకా నవ్వింది.

నాన్న ఎందుకు అంత తప్పు చేశాడో తెలుసా అని అడిగాను.

"తప్పేటే తప్పు? మీ నాన్న తప్పు సేసీ మనిసేనా? మొదటి దినమే సరింగా తిరిగినాది ఆ పెట్టి. అప్ప వంటింట్లోంచి సన్నంగా అందుకోబోయి ఆగిపోనాది. ఏటాపీసినావు అన్నాడు బావ. నా గొంతు మగ గొంతు, అంతెత్తు ఎక్కదు అన్నాది. అంతే. బావ ఆకురాయి అట్టుకోని కూకున్నాడు. ఇత్తడి రాసీవోడు, ఎట్టీవోడు, ఇప్పుడో అనీవోడు. ఇంకాస్త దిగాల అనీది అప్ప. అలాగ ఓ దినం అందీసినాది. ఇద్దరూ ఒకలి మొకం ఒకలు సూసుకోని నవ్వినారు సూడు, నాకు సిగ్గేసి బయటికెల్లిపోనాను. నువ్వు టూసన్‌కి పోయీదానివి, నీకేటి తెలుసు?"

గుమ్మంలో కదిలిన పెదవులు. స్తోత్రం కాదు. బియ్యం ఏరుకుంటూ, ఏ పందిట్లోనూ తనను పాడనివ్వని గొంతుతో, ఎక్కడివాళ్ళో తెలియని వాళ్ళ మధ్య తన వరస తాను పాడుకుంటున్న అమ్మ.

నేను అక్కడితో వదలలేదు. వదిలే రకాన్ని కాదు. ఇదంతా నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా అని నిలదీశాను. "కోర్టేటే ఇది? సూసినాను," అంది. సాగనంపేటప్పుడు ఆ పాట పెట్టడం నాన్న పంతమా అని అడిగాను. పిన్ని మరమరాల గిన్నె పక్కన పెట్టింది.

"అప్పే అన్నాది. జబ్బులో ఉన్నప్పుడు, బావ ఉన్నాడు, నేనున్నాను. నన్ను తీసుకెల్లినప్పుడు అదెట్టండి, దాన్లో నాకో సోటున్నాది అన్నాది. పంతులు గురించి అడిగితే, దీపం నాదీ దేవుడిదీ, మజ్జిలో ఆయనెందుకు అన్నాది."

మరి మామయ్య అన్ని మాటలంటుంటే నాన్న ఎందుకు ఊరుకున్నాడు? నాకు తెలియకుండానే గొంతు పెంచినట్టున్నాను. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది.

"నేను సెప్పబోనాను. బావ కన్నెర్ర సేసినాడు. ఆనకడిగితే, అది వొచ్చి సెప్పనేదు కదా, సచ్చిపోయినోల్ల సేత నా తరపున సాచ్చెం సెప్పించుకుంతానేటి అన్నాడు. అదేదో మీ సర్సల రూలంట కదా."

రూలే. నాన్న పెట్టిందే. ఆవిడ్ని రమ్మనండి, కుర్చీ వేస్తాం. పరాయివాళ్ళ మీద ప్రయోగించిన ఆ నియమాన్ని తన ఇంటి వరండాలో, తన భార్య తలవైపు నిలబడి, తన మీద తానే ప్రయోగించుకున్నాడు. ఒక్క మాట చెబితే మామయ్య ఆ చెయ్యే పట్టుకుని ఏడ్చేవాడు. ఆ ఒక్క మాట చెప్పలేదు. నాకు గర్వం పొంగింది. ఆ గర్వం నిలిచింది కాసేపే. వెంటనే తట్టింది, పిన్ని బతికే ఉంది కదా! ఎదుటికి వచ్చి ప్రశ్నకు జవాబు చెప్పగల సాక్షి ఆ వరండాలోనే ఉంది కదా! ఆమెను పిలిస్తే ఏ నియమం తప్పినట్టు? అదే పైకి అన్నాను.

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "నన్నెవులడిగినారే? పెల్లి కాని గుంటని. మీ సదువుగదిలో మాకెప్పుడు కుర్సీ ఏసినారు?"

విధవల పెళ్ళిళ్ళ గురించి గంటలు గంటలు వాదించిన ఆ గదిలో ఒక్క ఆడమనిషి కూర్చోగా నేను చూడలేదు; నేను కూడా కిటికీ బయట నిలబడి విన్నదాన్నే. ఇత్తడిని వెంట్రుకవాసికి కొలిచిన నాన్నకు, పక్కనే నిలబడిన మరదలు కనిపించలేదు. ఆ లోపం ఒక కుటుంబాన్ని రెండుగా చీల్చింది. అలాగని ఆయనను తీసిపారేయలేను. అమ్మ గొంతును విన్నదీ ఆయనే. ఈ రెంటినీ ఒక చోట పెట్టి తూకం వెయ్యడానికి అప్పటి నుంచీ ప్రయత్నిస్తున్నాను. త్రాసు నిలబడడం లేదు.

వచ్చేముందు పాటను అమ్మ శ్రుతికి దింపి పిన్నికి వినిపించాం. ఒక చోట వేలు ఎత్తి, ఇదుగో ఇది, అప్ప వరస ఇది, అని చూపించింది. "ఇది నాదే! నాది కింది గొంతు, నేను పాడేది ఈ వరసే!" అని మనవరాలు గట్టిగా అరిచింది. అందుకోబోయింది కూడా. అంత కిందికి దాని గొంతు దిగలేదు; రెండు మెట్లు దిగి, గాలి మాత్రమే మిగిలి, నవ్వేసి ఆగిపోయింది. ఆ వరస దగ్గర ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ రోజు వరండాలోనూ అక్కడ ఆ ఖాళీయే ఉండి ఉంటుంది; అది విన్నవాళ్ళు నాన్న, పిన్ని ఇద్దరే.

ఇప్పటి పిల్లలకు పాట దొరకనిది లేదు, దాని వేగం, శ్రుతి, భావం తెలియనిది లేదు. కింది గొంతు ఉన్న ఆడపిల్లకు బృందంలో చోటుంది, దాన్ని చూసి ఎవరూ నవ్వరు. ఇది మామూలు మార్పు కాదు, దీనికోసమే మేమంతా అరిచాం. అయినా ఒకటి తడుతోంది. ఇప్పుడు పాట అన్నీ తేల్చుకుని తయారుగా వస్తుంది, మనిషే వెళ్ళి దానికి సరిపడాలి. వేలు జరిపితే ఏ శ్రుతికైనా దిగుతుంది నిజమే. కానీ ఒక్క మనిషి గొంతు కోసం ఎన్నో సాయంత్రాలు ఇత్తడిని అరగదీసి, ఇప్పుడో అని అడుగుతూ కూర్చునే వేలు ఏదీ?

పిల్ల ఆ దింపిన పాటను నా ఫోనులో పెట్టింది. పనులు తోచనప్పుడు పెట్టుకుంటున్నాను. కింద మూడు గళ్ళూ అలాగే ఉన్నాయి, మూడో దాంట్లో ఆనందం అనే రాసి ఉంది. దానితో వాదించడానికి నాకు ఇంకా ఓపిక ఉంది. కారణమే దొరకడం లేదు.